తాడు పట్టిన స్వర్ణలత

నాచారంలోని ఆ జిమ్‌కు స్వర్ణలత రోజూ తెల్లవారగానే వస్తుంది. గుడికి వచ్చినట్టు చెప్పులు గుమ్మం బయటే విడుస్తుంది. చున్నీ నడుముకు బిగించి, ముట్టిన ప్రతి వస్తువునూ కళ్ళకద్దుకుంటుంది. పక్షవాతం వచ్చిన భర్త హన్మయ్యను మంచం మీంచి కుర్చీలోకి మార్చేది ఆమె ఒక్కతే. పోయిన నెల ఆయన ఆమె చేతుల్లోంచి జారి కిందపడ్డాడు. రెక్కల్లో బలం రావాలని ఆ మర్నాడే ఇక్కడ చేరింది.

ఇవాళ మొదటిసారి, స్తంభానికి చుట్టిన లావుపాటి తాడు రెండు కొసలూ చేతికందాయి. కళ్ళకద్దుకుని, జాతరలో రథం లాగినట్టు వెనక్కి వాలి గుంజింది. జిమ్‌లో నేర్పే తేజేష్ పగలబడి నవ్వుతూ ఫోన్‌లో వీడియో తీశాడు. “ఇదేమన్నా రథోత్సవమా ఆంటీ? మీ వయసుకి ఆ సైకిల్ తొక్కుకోండి, చాలు.” పక్కనే కసరత్తు చేస్తున్న ఆమని దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. “గుంజకక్కా. తాడు జర వదులుగ ఉండాలె. మోకాళ్ళు వంచి, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి ఊపు.” తేజేష్ నవ్వుకు స్వర్ణలతకు ఒళ్ళు మండిపోయింది. “నేను సైకిల్ తొక్కితే మా ఆయన కుర్చీల కూసుంటడా సారూ? నిన్ను నేర్పమని పెట్టిన్రా, నవ్వమని పెట్టిన్రా? ముందు ఆ వీడియో ఫోన్లకెళ్ళి తీసెయ్!” అంటూనే తాడు ఊపింది. అల ఒకటి లేచి స్తంభం దాకా పోయింది. ఊపిరి అందనంత వరకూ ఆమె ఆపలేదు.

ఇంటికి రాగానే హన్మయ్య అడిగాడు. “చేతులు గట్ల వణుకుతున్నయేందే?”

“కోపం,” అంది ఆమె, ఆయన చంకల కింద చేతులు దూర్చి. “జర నా మెడ పట్టుకో, లేద్దాం.”