నిమాకో చావుపుస్తకంలో పద్దెనిమిదో పేజీ

క్వాకు ద్వామెనా మాస్టారికి లోకంలో అసహ్యం పుట్టించే వస్తువులు చాలా ఉన్నాయి. వాటిలో మొదటి మూడు గులాబీ పూల అంచు, ఎగిరే పావురం, మేఘాల మీద కూర్చోబెట్టిన మృతుడి ఫోటో. ఘనా దేశపు కుమాసీ పట్నంలో, పోయినవారి కథా కుటుంబం పేర్లూ అచ్చేసి అంత్యక్రియల్లో పంచే చావుపుస్తకాలు కట్టి బతికే మనిషికి ఇవి గిట్టవంటే, చేపలమ్ముకునేవాడికి నీచు వాసన గిట్టదన్నట్టే. అయినా అసాఫోలోని ప్రెస్సుల సందులో, పత్రిక మూతపడి ప్రూఫులు దిద్దే ఉద్యోగం పోయిన నాటినుంచీ, ఆయన ముక్కు మూసుకుని ఈ వృత్తిలోనే ఉన్నారు.

పదకొండేళ్ల కిందట ఎవరో బంధువు తెచ్చిన పెన్‌డ్రైవులోంచి వైరసొకటి దిగి, ఒక పాస్టరుగారి డెబ్బై పేజీల జీవితాన్ని మింగేసింది. పాస్టరుగారు రెండోసారి పోయినట్టయింది. ఆ రోజుతో మాస్టారు సోకుల సాఫ్ట్‌వేర్లన్నిటికీ దణ్ణం పెట్టి, నగా నట్రా లేని వట్టి అక్షరాల ఫైళ్లలో రాసుకోవడం మొదలుపెట్టారు. చనిపోయినవారొకరికి ఫైలొకటి. వరస ముందు ఒక నక్షత్రం గుర్తు పెడితే అధ్యాయం, రెండు పెడితే అందులో భాగం, మూడు పెడితే భాగంలో భాగం. ఆ ఫైలును చదివి చక్కటి పుస్తకంగా పేర్చి ఇచ్చే ప్రోగ్రాం ఆయనే రాసుకున్నారు. దానికి గుమాస్తా అని పేరు. చెప్పింది చేస్తుంది, పావురాలను ఎగరేయదు.

గుమాస్తాకు ఒక రహస్య విద్య కూడా ఉంది. వరస చివర ‘ముద్రించొద్దు’ అని రాస్తే ఆ సంగతి ఫైలులో ఉంటుంది గాని పుస్తకంలోకి రాదు. ఈ విద్య లేకపోతే కుమాసీలో ఎవరినీ పూడ్చలేం. పదకొండేళ్లలో మాస్టారు ఆ ఒక్క మాటతో నలభై మందికి పైగా మనుషుల్ని మాయం చేశారు. చాటు భార్యలు, ఇంకో ఊళ్లో కొడుకులు, అలిగిన తమ్ముళ్లు. ఎవరినీ చంపలేదు, అచ్చు కాకుండా చూశారంతే. గుమాస్తా ఒక్కసారీ తడబడలేదు.

ఈసారి పోయినవాడు లారీ విడిభాగాల వ్యాపారి క్వాసీ నిమాకో. శనివారం అంత్యక్రియలు. మంగళవారంనాడు, తల్లివైపు వంశానికి పెద్ద అయిన నానా అజెపోంగ్ ఎరుపూ నలుపూ గుడ్డ భుజాన సర్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

“మాస్టారూ, ఆ ఆఫ్రియే పేరు తీసెయ్యండి.”

“భార్య పేరా, నానా?”

“భార్య అని మీరంటున్నారు. ఒప్పుకున్నట్టు వంశం తాగాల్సిన పెళ్లి సారా మా గొంతు దిగనేలేదు.”

“ఆవిడ దంచిపెట్టిన ఫూఫూ ముద్ద మాత్రం ముప్పయ్యేళ్లు దిగింది.”

“తిండి వేరు, అచ్చు వేరు. పిల్లలు ఏడుగురూ ఉండాలి సుమండీ. ఆచారం ప్రకారం తండ్రికి శవపేటిక కొని తెచ్చేది వాళ్లేగా.”

అసలు సంగతి ఆఫ్రియే ఉంటున్న ఇల్లు. అది తమ వంశానిదని నానా వాదన. రేపు తగువు కోర్టుకెక్కితే లాయర్లు ముందు తిరగేసేది చావుపుస్తకమే. అందులో భార్య అని ఉంటే భార్య, లేకపోతే అద్దెకున్న మనిషి. ఇది మాస్టారికీ తెలుసు. తెలిసే, ఎప్పటిలా ‘ముద్రించొద్దు’ అని కొట్టి, ఆకులో చుట్టిన మొక్కజొన్న కెంకే ముద్ద విప్పుకుని వేపుడు చేపతో భోజనం చేశారు.

బుధవారం గుమాస్తా ఇరవై ఎనిమిది పేజీల పుస్తకానికి పంతొమ్మిది పేజీలు ఇచ్చింది. మాస్టారు నమూనా పంపిన గంటకల్లా నానా ఫోను.

“ఏం మాస్టారూ, మా నిమాకోకి పిల్లల్లేరా? వాడు గొడ్డుపోయాడని ఊరంతా చదవాలా?”

మాస్టారు ప్రింటరును అనుమానించారు. తర్వాత కరెంటును తిట్టారు. ఆ మర్యాదలు పూర్తయ్యాక ఫైలును సగానికి కోసి చూశారు, ఆ సగాన్ని మళ్లీ సగానికి. ఆరోసారికి తప్పు ఒంటరిగా దొరికింది. అది తప్పు కూడా కాదు. వివరాలన్నీ ఆఫ్రియే పక్కన కూర్చుని చెప్పింది కనుక ఆవిడ పేరుకు రెండు నక్షత్రాలు, పిల్లలకు ఆవిడ కింద మూడేసి. తల్లి వరసను వద్దంటే గుమాస్తా కిందున్న ఏడుగురినీ, వాళ్లు రాసిన నివాళులనూ, మనవలనూ మూటకట్టి ఆవిడతో పంపేసింది. ఇన్నాళ్లూ మాయమైనవాళ్ల కింద ఎవరూ లేరు కాబట్టి ఈ గుణం బయటపడలేదు.

మరమ్మతు పెద్ద పని కాదు. వద్దన్న వరసను మాత్రం తీసి, కిందివాళ్లను ఒక మెట్టు పైకి లేపమని నాలుగు వరసలు రాస్తే సరి. రాశారు. పుస్తకం ఇరవై ఏడు పేజీలుగా ముచ్చటగా వచ్చింది. మాస్టారు పద్దెనిమిదో పేజీ తెరిచారు. ‘సంతానం’ అన్న మాట కింద ఏడుగురు మనుషులు, వానకు పుట్టగొడుగులు లేచినట్టు, తల్లి ఊసు లేకుండా బారుగా నిలబడి ఉన్నారు. ప్రూఫులు దిద్దిన కన్ను అది. క్రియ లేని వాక్యాన్ని వదలని కన్ను. నలభై మందిని మాయం చేసినప్పుడు ఆ కన్ను మూసుకునే ఉందని ఆయనకు వెంటనే గుర్తొచ్చింది. ఆఫ్రియే మీద జాలి కలిగిందని చెప్పలేం. కలిగింది ఆ పేజీ మీద రోత.

రాసిన నాలుగు వరసలనూ చెరిపేశారు.

గురువారం పొద్దున్నే నానా దిగాడు.

“అయిందా?”

“గుమాస్తా ఒప్పుకోవడం లేదు నానా.” అది ఆయన వృత్తిలో మొదటి అబద్ధం.

“మిషను ఒప్పుకోకపోవడమేంటి?”

“మన ఆచారం తెలిసిన మిషను. బిడ్డ ఎవరి వంశం? తల్లిది. తల్లిని పొమ్మంటే బిడ్డలూ ఆవిడ వెంటే పోతారు. నిమాకో ఆస్తి మేనల్లుళ్లకే అని చెబుతూ మొన్న మీరన్న మాటేగా.”

నానా కంప్యూటరు వైపు చూశాడు, దాయాది వైపు చూసినట్టు. “దీనికిదంతా ఎవరు నేర్పారు?”

“నేనే. ఇంత దూరం ఆలోచించలేదు.”

“సరే, మిషనుతో పనేంటి? పిల్లల పేర్లు చేత్తో కొట్టండి.”

“తప్పకుండా. పేర్లు, పుట్టిన తేదీలు, పెద్దనుంచి చిన్నదాకా చెప్పండి.” అవన్నీ ఫైలులోనే ఉన్న సంగతి ఎత్తకుండా మాస్టారు కీబోర్డు మీద వేళ్లు పెట్టి విధేయంగా కూర్చున్నారు.

నానా నాలుగు పేర్లు చెప్పాడు. వాటిలో ఒకటి పక్కింటి కుర్రాడిది. తేదీల దగ్గర గొంతు సవరించుకుని, “వానాకాలం” అన్నాడు.

“ఏ ఏడాది వానాకాలం, నానా?”

పిల్లల్ని అడిగితే తల్లిని తీసేస్తున్న సంగతి బయటపడుతుంది. వాళ్లు కాక తేదీలు చెప్పగల మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. ఆవిడను వెళ్లి అడగడమంటే పెళ్లి సారా తాగడంతో సమానం.

“ఉండనివ్వండి ఆవిణ్ణి,” అన్నాడు చివరికి. “ఫోటో మాత్రం చిన్నదెయ్యండి.”

“గోరంతే వేస్తాను.”

శుక్రవారం మధ్యాహ్నం, కట్టలు బండికెక్కకముందే, ఆఫ్రియే నల్లగుడ్డ చుట్టుకుని వచ్చింది. ఒక పుస్తకం లాగి నేరుగా పద్దెనిమిదో పేజీ తెరిచి, తన పేరు మీద వేలుంచింది. ‘భార్య’ అన్న మాట మీద వేలు ఇంకొంచెంసేపు నిలిచింది. తన కోసం మనిషొకడు ముసలితనంలో అబద్ధమాడాడు కాబట్టి ఆవిడ ఏదో ఒకటి అంటుందని మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“పేజీ నంబరు మసగ్గా ఉంది మాస్టారూ.”

“ఏంటమ్మా?”

“లాయరు ఏ పేజీ అనడుగుతాడు కదా. నంబరు కనబడాలి. కాస్త నల్లగా పెట్టి నాకు వేరే మూడు కాపీలు తీయండి. ఫోటో ఎలాగున్నా ఫర్వాలేదు.”

మాస్టారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. కృతజ్ఞత అనే పదార్థం కుమాసీలో దొరకడం మానేసిందని గొణుక్కుంటూ పద్దెనిమిది అంకెను నల్లగా దిద్దారు. అదొక్కటే నల్లగా ఉంటే చూడ్డానికి మరీ అసహ్యంగా ఉందని, మిగతా ఇరవై ఏడింటినీ కూడా దిద్దారు.