పేలని గుండ్లున్న స్థలం

మా అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ ఆయన ఉద్యోగమంతా యుద్ధాల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కృష్ణా జిల్లా మనిషి. కొత్తగూడ ఫ్లైఓవర్ కనిపించే బాల్కనీలో నాకు టీ ఇచ్చి, యుద్ధం ఎలా మారిందో చెబుతుండేవారు. ఒకప్పుడు రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడేవి. తర్వాత ఎవరు సైనికుడో ఎవరు రైతో తెలియని రోజులొచ్చాయి. ఇప్పుడు ఎక్కడో తెర ముందు కూర్చున్నవాడు ఇంకెక్కడో ఉన్నవాణ్ణి చంపుతున్నాడు.

“అయినా సరేనండీ, మనిషి వెళ్లి నిలబడితే తప్ప నేల చేతికి రాదు. తెరలు చూపిస్తాయంతే,” అనేవారు.

ఇంత తెలిసిన మనిషి, నార్సింగిలో కొనుక్కున్న స్థలానికి కాపలాగా కెమెరా పెట్టారు. అక్కడ ఖాళీ స్థలమున్న వాళ్లంతా ఓ రేకుల గది వేసి, అందులో ఓ సంసారాన్ని దింపుతారు. పొయ్యి వెలిగి, తీగ మీద చీరలు ఆరుతుంటే కబ్జా చేసేవాడు వేరే స్థలం చూసుకుంటాడు. ఈయనకు ఆ పద్ధతి మొరటుగా తోచింది. జీతంలో మిగుల్చుకున్నదంతా ఆ స్థలమే. అక్కడ ఇల్లు లేస్తే కిరాయి బతుకు తప్పుతుందని ఆయనా, ఆయన భార్యా ఎదురుచూస్తున్నారు.

ఓ ఆదివారం పొద్దున ఆయన ఫోన్‌లో కొందరు మనుషులు కనిపించారు. టేపు పట్టి కొలుస్తున్నారు. ఒకడు కెమెరా అద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాడు. తర్వాత దాని మీద గోనెసంచి కప్పాడు.

“బొమ్మ పోయిందండీ,” అన్నారాయన.

నా బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాను. మేము చేరేసరికి రాతి కడీలు పాతడానికి గుంతలు తవ్వబోతున్నారు.

“ఏంది సార్, గిది మా అన్న జాగ. కాయితాలున్నయ్,” అన్నాడు తల దువ్వుకున్నవాడు.

కాయితాలు ఈయన దగ్గరా ఉన్నాయి. కాకపోతే కోర్టుకెక్కితే ఆయన ఆయుష్షు చాలదు.

“మీదే అన్నా, మాకేం ఫికర్?” అన్నాను. “జర గడ్డపార మాత్రం మెల్లగ దించుండ్రి. ఎనకట రాజుల జమానల ఇక్కడ ఫిరంగులు కాల్చుడు నేర్పేటోళ్లు. పేలినయి పేలినయ్. పేలనియి గీ కిందనే ఉన్నయ్. సారు ఊకెనే కెమెరా పెట్టిండా మరి?”

“నిజమేనా సార్?” అని వాడు పెద్దాయన్ని అడిగాడు.

ఆయన అబద్ధం ఆడరు. అలాగని ఎవరైనా ప్రశ్న అడిగితే ఊరుకోనూ లేరు. “పేలని గుండ్ల సమస్య యుద్ధం ముగిశాక కూడా చాలా ఏళ్లు ఉంటుందండీ. తుప్పు పట్టిన కొద్దీ ప్రమాదం ఎక్కువ,” అని మొదలుపెట్టి, ఇంకా వివరించబోయారు. గడ్డపార పట్టుకున్నవాడు దాన్ని పసిపాపను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టాడు.

వాళ్లు మళ్లీ రాలేదు. కథ మాత్రం నార్సింగి అంతా తిరిగింది. కొన్నాళ్లకు ఓ చాయ్ బండి దగ్గర నాకే ఎదురైంది. అప్పటికి అందులో ఓ బర్రె మేస్తూ మేస్తూ పేలిపోయి, దాని కొమ్ములు ఔటర్ రింగ్ రోడ్డు మీద పడ్డాయి. తోక కూడా దొరికిందట అని చేర్చి, చాయ్ తాగి వచ్చాను.

ఇంటికి పర్మిషన్ వచ్చింది. మేస్త్రీ పునాదులకు ముగ్గు పోయించి, ముహూర్తానికి కూలీలను తెచ్చాడు. ఆ కూలీలలో ఎవరికో ఊళ్లో బర్రె సంగతి తెలిసింది. అంతా ముగ్గు గీత దగ్గరే ఆగిపోయారు.

“అది నేను అల్లిన కథ,” అన్నాను.

మేస్త్రీ నవ్వాడు. “ఉత్త కథకు కబ్జాగాళ్లు ఉరుకుతరా సార్?”

“ఇక్కడ గుండ్లేమీ లేవండీ,” అన్నారు పెద్దాయన.

“గా రోజు తుప్పు పట్టినయని మీరే జెప్పిండ్రంట గద?”

పసుపు కుంకుమల పళ్లెంతో నిలబడ్డ పెద్దాయన భార్య, “ముహూర్తం దాటిపోతోందండీ,” అన్నారు.

ఆయన చెప్పులు విప్పి, గడ్డపార తీసుకుని గీత దాటారు. నేనూ వెనకే వెళ్లాల్సి వచ్చింది. నా కథకు నేనే జడిస్తే పరువేం కాను? మేస్త్రీ ఇసుక లారీ చాటుకు నడిచాడు.

మొదటి పోటుకు మట్టి లేచింది. రెండో పోటుకు ఖంగుమంది. కూలీలంతా నేలను కరుచుకున్నారు. నేను ఎప్పుడు బోర్లా పడ్డానో నాకే తెలియదు. తలెత్తి చూస్తే, ఆయన జివ్వుమంటున్న అరచేతులు చూసుకుంటున్నారు.

“బండండీ,” అన్నారు.

మేస్త్రీ వచ్చి, వంగి, రాయితో తట్టి చూశాడు. “బండనే. గడ్డపారకు పగలదు, మిషన్ తేవాలె సార్,” అని కూలీల వైపు తిరిగాడు. “లేవుండ్రి, ఏంది గట్ల పండుకున్నరు?”

వాళ్లు దుమ్ము దులుపుకుని, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని, అవతలి మూల నుంచి తవ్వడం మొదలుపెట్టారు.