ఎవరి ఇంటిదీ కాని అరుగు

మా ఊళ్ళో కూర్చోవడానికి చోటు లేదంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. బజారు పొడుగునా అరుగులే మరి. అయితే ప్రతి అరుగూ ఎవరో ఒకరి ఇంటిది. మా పేట నుంచి గోంగూర గంపతో వచ్చే మా అమ్మ ఆ అరుగుల కింద, మురుగుకాలువ పక్కన గొంతుక్కూర్చుని అమ్మేది. పైకెక్కితే లేపేవారు.

నేను అయిదో తరగతిలో బడి మాని నాపరాళ్ళు పరిచే పనిలో చేరాను. మిగతా చదువంతా గ్రంథాలయంలో చదివాను. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. అక్కడి బల్ల మీద నా పక్కన కూర్చోవడం ఇష్టం లేనివాళ్ళు లేచి వెళ్ళాలి తప్ప నన్ను లేపలేరు. బల్ల ఎవరి సొంతమూ కాదు.

యాభైల చివర్లో, బస్సులు ఆగే చోట కొత్త సెంటరు కట్టాలని పంచాయతీ వారు తలపెట్టారు. ఓవర్సీరు గీసిన ప్లాను ఆఫీసు గోడకు అంటించారు. మూడు వైపులా కొట్లు. మధ్యలో జెండా స్తంభం, పూలతోట, దాని చుట్టూ ఇనప కమ్మీలు. అమ్మ గంప ఎక్కడ దించాలో వెతికాను. అలాంటి చోటే లేదు.

సభ పెట్టిన రోజు లేచి నిలబడ్డాను.

"తోట బదులు మధ్యలో రాతి అరుగు కట్టండి. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఎవరైనా కూచుంటారు. పూర్వం గ్రీసు దేశంలో ఊరి నడుమ అట్టాంటి చోటు ఉండేదండీ."

"గ్రీసు దేశంలో నీకు చుట్టాలున్నారంట్రా?" అన్నాడు ప్రెసిడెంటు. అందరూ నవ్వారు.

"చుట్టాలు లేరండీ, పుస్తకం ఉంది. కావాలంటే తెచ్చిస్తా."

ఆ చోట బానిసల మాట చెల్లేది కాదని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అది మాత్రం సభలో చెప్పలేదు.

"మీవోళ్ళు కూకోటానికి మీ పేటలో చర్చి ఉందిగా" అన్నాడు ప్రెసిడెంటు.

"చర్చిలో గోంగూర అమ్మరండీ."

కొట్ల గోడలు లేచాయి. ఇక నేల పరవాలి. రాయి పరిచేవాళ్ళం అందరం మా పేటవాళ్ళమే. ముందు అరుగు కడితేనే కొట్లలో రాయి పరుస్తామని కూర్చున్నాం. మా మేస్త్రీ వరసకు నాకు బాబాయి.

"ఒరేయ్, పని మానుకుంటే ఏం తింటాంరా?" అన్నాడు.

"అమ్మ గోంగూర ఉందిగా బాబాయ్."

"చానాళ్ళు తినాల్సొస్తదేమో చూసుకో" అన్నాడు గానీ, ఆయనా పనికి వెళ్ళలేదు.

ప్రెసిడెంటు ఈపూరు నుంచి పనివాళ్ళను పిలిపించాడు. వాళ్ళు వచ్చి, సంగతి విని, మా ఇళ్ళలో అన్నం తిని వెళ్ళిపోయారు. కొట్లు వేలంలో పాడుకున్న వ్యాపారులు తెరిచేదెప్పుడని ప్రెసిడెంటు ఇంటి చుట్టూ తిరగసాగారు. చివరికి ప్లానులో తోటా కమ్మీలూ కొట్టేసి అరుగు గీశారు. అరుగు కట్టిన తర్వాతే కొట్లలోకి దిగాం.

సెంటరు తెరిచిన రోజు అమ్మ అలవాటుకొద్దీ నేల మీదే గంప పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి తనే లేచి, అరుగును కొంగుతో తుడిచి, ఎక్కి కూర్చుంది. ఎదురుగా ఉన్న బట్టల కొట్టాయన బయటికి వచ్చాడు.

"ఏమే, ఆడెక్కి కూకున్నావేంది? లెగు."

అమ్మ కట్టలు సర్దుతూనే అడిగింది.

"ఈ అరుగు ఎవురిదయ్యా? ఆయన్ని రమ్మను, లెగుస్తా."

ఆయన అటూ ఇటూ చూశాడు. పిలవడానికి ఎవరూ లేరు. ఆ రోజు గోంగూర అంతా అమ్ముడుపోయాక కూడా అమ్మ అక్కడి నుంచి లేవలేదు.