శివపార్వతి పాట ఎవరిది?

పాట విని అది ఎవరు కట్టారో చెప్పడంలో బ్రహ్మానందాన్ని మించినవాడు బోధన్ చుట్టుపక్కల లేడు. ఈ మాట ఆయనే చెప్పుకుంటాడు, పైగా నిజం కూడా. వాళ్ల తాతగారు గుంటూరు వైపు నుంచి కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చి ఇక్కడ చెరకు వేశారు. మనవడి నాటికి చెరకు పోయి వరి మిగిలింది. ఆ వరి రైతుకు కీర్తనల పిచ్చి పట్టించింది మాత్రం భార్య శివపార్వతి. ఆవిడ ఇంట్లోనే పిల్లలకు సంగీతం నేర్పుతుంది. వసారాలో కూర్చుని వింటూ వింటూ ఆయన చెవి పదునెక్కింది. ఆ పదును చివరికి తన మీదకే వస్తుందని పాపం ఆవిడ అనుకోలేదు.

పొద్దున్నే కాఫీ చేతికిచ్చి ఆవిడ మాటలు లేకుండా ఉత్త వరస పాడుతుంది. మాటలుంటే కట్టినవారి ముద్ర దొరికిపోతుంది, అప్పుడిక పందెమేముంది? ఒకే పంక్తిని పాడినకొద్దీ కొత్త సంగతులు చేరుస్తూ మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోతే "త్యాగరాజస్వామివారిది" అంటాడు. వడ్ల బండిలా నింపాదిగా సాగి చివర్లో ఒక్కసారిగా పరుగందుకుంటే "దీక్షితులవారిది." తాళంలో ఒక మెలిక పెట్టి, ఆ మెలికలోంచే తల్లిని బతిమాలుకున్నట్టుంటే "శ్యామశాస్త్రిగారిది." తెనాలి బంధువులు ఫోన్‌లో పాటలు పంపి పరీక్షలు పెట్టినా ఆయన ఓడిన రోజు లేదు.

చిక్కంతా ఎక్కడంటే, శివపార్వతి కూడా పాటలు కడుతుంది. కట్టినదల్లా ఆశగా తెచ్చి మొగుడికి వినిపిస్తుంది. ఆయన చిక్కుడుకాయ ఈనె తీసినట్టు తీసి పక్కన పెడతాడు. "పల్లవి స్వామివారిది, చరణం దీక్షితులవారిది. మరి నీ వాటా ఏదోయ్?" అని పెద్దగా నవ్వుతాడు. ఆయనకది సరదా. ఆవిడకు మాత్రం గుండె కలుక్కుమనేది. ఇంత వయసొచ్చింది, ఇన్ని పాటలు నేర్చుకుంది, నేర్పింది, తనదంటూ ఒక్క వరసైనా లేకుండానే పోతుందా? బ్రహ్మానందం ఎవరి పేరూ చెప్పలేని పాట ఒక్కటి కట్టాలి. ఆవిడ కోరికల్లా అదే.

ఈ యాసంగిలో కాలువ నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. ఆయనకు సద్ది పట్టుకుని పొలానికి వెళ్లిన శివపార్వతి నాట్లు వేసే ఆడవాళ్ల దగ్గర కాసేపు నిలబడింది. ఇంటికొచ్చాక నీళ్లను రమ్మని పిలిచే పాట ఒకటి నోట్లో ఆడటం మొదలుపెట్టింది. పప్పు రుబ్బుతూ, బట్టలు ఆరేస్తూ దానికి నగిషీలు పెట్టింది. మొగుడి చెవిన పడకుండా దాచడానికి ఆవిడ పడ్డ తిప్పలు చెప్పనలవి కాదు.

ఒక పొద్దున వినిపించింది. బ్రహ్మానందం అలవాటుగా నోరు తెరిచి, మూసుకున్నాడు. "స్వామివారు... కాదు. ఏదీ, మళ్లీ పాడు." మళ్లీ పాడింది. కాఫీ చల్లారిపోయింది. శివపార్వతికి లోపల పండగ.

సరిగ్గా అప్పుడే కూతురు నిఖితను పాఠానికి దింపడానికొచ్చిన ప్రమీలమ్మ గుమ్మంలో ఆగింది. ఇంట్లో బీడీలు చుట్టి, నాట్ల కాలంలో పొలాల్లోకి వెళ్లే మనిషి. "గిదేంది అక్కా, గిది మా నాట్లప్పటి పాట గదా! మేం పాడేది గిట్లనే ఉంటది," అంది సంబరంగా.

శివపార్వతి ముఖం వాడిపోయింది. ముగ్గురి దగ్గరా అయిపోయింది, ఇప్పుడు ప్రమీలమ్మ దగ్గర కూడా అప్పు తెచ్చుకున్నదేనన్నమాట! మొగుడి నవ్వు కోసం ఎదురుచూసింది. ఆయన నవ్వలేదు.

"ఏదీ ప్రమీలమ్మా, మీ పాట పాడు."

"ఇప్పుడా? సిగ్గయితది అన్నా," అంటూనే ఆవిడ గొంతెత్తింది. పాట ఆగకుండా సాగిపోయింది. "సూసినవా? గదే గదా!"

"నడక మీదే, కాదనను. కానీ మీ పాట ఎక్కడా ఆగదే?"

"ఎట్ల ఆగుతది? పాట ఆగితే చెయ్యి ఆగుతది. నేను నాటే వరస, నా మునుం, ఎనుకవడితే పక్కోళ్లు నవ్వరా?"

"అదీ సంగతి. ఇది ఆగుతుంది," అన్నాడు బ్రహ్మానందం. "పైకెక్కబోయే ముందు ఒక్క క్షణం ఊరుకుంటుంది. స్వామివారైతే అక్కడ ఇంకో సంగతి వేసేవారు. దీక్షితులవారు ఆ చోటును గమకంతో నింపేవారు. శాస్త్రిగారు తాళాన్ని మెలితిప్పేవారు. ఇలా ఊరుకునే మనిషిని ఒక్కరినే ఎరుగుదును. నేను నోరు జారాక, నాకు జవాబు చెప్పే ముందు, అచ్చం ఇలాగే ఊరుకుంటుంది. ఇన్నాళ్లూ వింటూనే ఉన్నాను, పోల్చుకోలేకపోయాను."

నిఖిత కిసుక్కున నవ్వింది. ప్రమీలమ్మ కూతురి నెత్తిన ఒకటి మొట్టింది.

"ఇంతకీ ఎవరిదంటారు?" అని అడిగింది శివపార్వతి.

బ్రహ్మానందం సర్దుకుని కూర్చున్నాడు.

"శివపార్వతిగారిది."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆవిడను గారూ అనడం అదే మొదలు. శివపార్వతికి కళ్లు నిండిపోయాయి. కొంగుతో తుడుచుకుంటూ, "ఏదీ, మళ్లీ అనండి," అంది.