లెమన్ అనే ఆమె, జనరల్ అనే అతను

కాల్ సెంటర్లలో ఉద్యోగాలు బోలెడున్నాయని, కాస్త ఇంగ్లీష్ మాట్లాడగలిగితే చాలని ఎవరో చెబితే, మా నాన్నగారు నన్ను కాకినాడ నుంచి తీసుకొచ్చి అమీర్‌పేట లేడీస్ హాస్టల్‌లో దింపారు. వెళ్తూ వెళ్తూ "ఎవర్నీ ఊరికే నమ్మకు" అన్నారు. ఆ మాట చెప్పకపోయినా సరిపోయేది. అప్పట్లో అమీర్‌పేటలో రోడ్డెక్కితే చాలు, చేతుల్లో కరపత్రాలు కుక్కేవాళ్ళు. నెలలో ఉద్యోగం గ్యారంటీ అని ఒకడంటే, పదిహేను రోజులు చాలని పక్కవాడనేవాడు. నమ్మకపోవడం దానంతటదే అలవాటైంది.

మా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు పంజాగుట్టలో, కళ్ళజోళ్ళ షాపు మీద రెండో అంతస్తులో. సార్ నలభై దాటిన మనిషి, ఓడల్లో పనిచేసి వచ్చారు. మొదటిరోజే ఆయన ఒక షరతు పెట్టారు.

"రేపు ఉద్యోగంలో మీ పేర్లు అవతలివాళ్ళ నోరు తిరగవు. అందుకని ఇప్పుడే తలా ఒక ఇంగ్లీష్ పేరు పెట్టుకోండి. క్లాసులో ఆ పేరుతోనే పిలుచుకోవాలి. అసలు పేరు ఎవరూ ఎవర్నీ అడక్కూడదు."

అసలు పేరు అడక్కూడదన్న చోట ఏదో మతలబు ఉంటుందని నాకు అక్కడే అనుమానం పుట్టింది. మిగతావాళ్ళకి అలాంటిదేం లేదు, సరదాగా పేర్లు పెట్టేసుకున్నారు. బ్యాంకులో ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్న ఒక పెద్దాయన విలియమ్స్ అన్నాడు. ఇప్పటికే ఒక విలియమ్స్ ఉన్నాడంటే, "అయితే విలియమ్స్ అండ్ సన్స్ అని రాసుకోండి" అన్నాడు. ఒకమ్మాయి కర్టెన్ అని పెట్టుకుంది. వినడానికి బాగుందట. నేను వైలెట్ అన్నాను, ఇంకేదీ తోచక.

ముందు బెంచీలో తలుపు పక్కన కూర్చున్న ఆమె లెమన్ అంది. పాతికేళ్ళుంటాయేమో, మాట తెలంగాణ మాట.

"అది పేరు కాదమ్మా, నిమ్మకాయ" అన్నారు సార్.

"గులాబి పువ్వు పేరు పెట్టుకుంటే ఏమనరు. నిమ్మకాయ పెట్టుకుంటే తప్పెట్లయితది సార్?" అందామె. సార్ రిజిస్టర్లో లెమన్ అనే రాసుకున్నారు.

చిట్టచివరి బెంచీలో ఒకతను జనరల్ అన్నాడు. అర్థం అడిగితే "మిలిటరీల పెద్ద ఆఫీసర్ సార్" అన్నాడు. "రైల్లో పెట్టె కూడా" అన్నాడు విలియమ్స్ అండ్ సన్స్. క్లాసంతా నవ్వింది. జనరల్ తలొంచుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నోరు విప్పలేదు.

ఈ ఇద్దరి మీద నా కన్ను ఎందుకు పడిందంటే, వాళ్ళు ఒకరినొకరు అసలు చూసుకునేవాళ్ళు కారు. మనుషులన్నాక పొరపాటునైనా చూపులు కలుస్తాయి కదా. వీళ్ళవి కలిసేవి కావు. ఒకరోజు జనరల్‌కి పొలమారితే, లెమన్ వెనక్కి తిరక్కుండానే తన నీళ్ళ సీసా పక్కమ్మాయికిచ్చి "వెనకకియ్యి" అంది. ఎవరికో కూడా చెప్పలేదు. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు ఇద్దరి డబ్బాల్లోనూ బీరకాయ కూరే. అది యాదృచ్ఛికం అనుకున్నా, మర్నాడు ఇద్దరికీ చింతచిగురు పప్పు.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది గుంటూరు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తోంది. తనకి చెప్పాను.

"మనకెందుకే ఎవరి గొడవ?" అని అటు తిరిగి పడుకుంది. కాసేపటికి ఇటు తిరిగి, "ఆవిడ కాలికి మెట్టెలున్నాయా?" అని అడిగింది.

మర్నాడు చూశాను. లెమన్ కాలి వేళ్ళకి మెట్టెలున్నాయి. మెడలో పసుపుతాడుని చున్నీ కింద దాచుకుంది. ఇక నాకు సందేహం లేదు. పెళ్ళైన మనిషి ఇంట్లో ఏదో చెప్పి వచ్చి ఇక్కడ ఇంకొకరితో వ్యవహారం నడుపుతోంది, దానికి ఈ దొంగపేర్లు బాగా పనికొచ్చాయి అనుకున్నాను. ఆ ఆదివారం మా పిన్నిగారింటికి వెళ్తూ ఎర్రగడ్డ రైతుబజార్లో దిగితే అక్కడ కూడా కనిపించారు. ఆమె బీరకాయలు ఏరుతోంది, అతను సంచీ పట్టుకున్నాడు. నన్ను చూడగానే సంచీ ఆమె కాళ్ళ దగ్గర పెట్టేసి ఉల్లిపాయల వైపు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నేను క్లాసుకి ఆలస్యంగా వెళ్ళాను. మెట్ల మీద ఒక పెద్దావిడ ఆయాసపడుతూ నిలబడి ఉంది.

"బిడ్డా, ఇంగ్లీష్ బడి గీడనేనా?" అని అడిగి, ఒక పేరు చెప్పింది. "నా కోడలు. ఉన్నదా?"

"ఆ పేరుగల వాళ్ళెవరూ మా క్లాసులో లేరండి" అన్నాను. నాకు తెలిసినంతలో అది నిజం.

"కుట్టుపని నేర్చుకుంటున్న అని ఇంట్ల చెప్పి గీడికొస్తుంది. ఎవడో మొగోనితోని బస్సు దిగి గీ మెట్లెక్కిందట. మా వాడకట్టు ఆమె ఎనక నుంచి చూసింది, వాని మొకం కనబడలేదట."

ఆ కోడలెవరో నాకు అర్థమైపోయింది. ఇన్నాళ్ళూ నేను అనుమానించిందే ఈవిడా అనుమానిస్తోంది. అయినా అక్కడ రభస జరగడం నాకు ఇష్టం లేకపోయింది. క్లాసు జరుగుతోందనీ, ఇప్పుడు వెళ్ళకూడదనీ ఏదో చెప్పబోయాను.

"నువ్వెందుకు గాబరా పడుతున్నవ్?" అని నన్ను ఎగాదిగా చూసి, పక్కకి జరిపి పైకెక్కింది. నేను వెనకే పరుగెత్తాను.

తలుపు తెరిచే ఉంది. ఆరోజు ఫోన్ మాట్లాడటం ప్రాక్టీసు. అవతలివాళ్ళ మొహం కనబడకూడదని సార్ ఇద్దర్ని వీపులు ఆనించి నిలబెట్టి, చేతికి పాత రిసీవర్లు ఇచ్చేవారు. ఆ వేళ కస్టమర్ లెమన్, ఆఫీసు మనిషి జనరల్. పెద్దావిడ గుమ్మంలో ఆగిపోయింది.

"గాడు నా కొడుకు" అంది నాతో మెల్లగా. "కంపెనీకి పోతున్న అని చెప్పి పోయిండు గాడు."

ఆవిడ చూపు జనరల్ మీదే ఉంది. లోపల లెమన్ వచ్చీరాని ఇంగ్లీష్‌లో ఫిర్యాదు చేస్తోంది. వాషింగ్ మెషిన్ కొన్నప్పుడు బాగానే ఉంది. ఇంటికొచ్చాక శబ్దమే లేదు. ఏమైందంటే చెప్పదు. వాళ్ళమ్మ ముందు అసలే తిరగదు. ఇంకెంతకాలం ఇలా ఫోన్ పట్టుకుని నిలబడాలి?

మెషిన్‌కి అమ్మేమిటని క్లాసు నవ్వుతోంది. జనరల్ "అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మళ్ళీ, అదీ ఇంగ్లీష్‌లోనే, "ఫోన్ పెట్టెయ్యకండి మేడమ్. మెషిన్ మంచిదే. భయపడింది. మాట్లాడటం నేర్చుకుంటోంది" అన్నాడు.

"ఏమంటుంది నా కోడలు?" అంది పెద్దావిడ.

"వాషింగ్ మెషిన్ పాడైందని చెబుతోందండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మా ఇంట్ల మిషినే లేదు."

అప్పుడే లెమన్ ఇటు తిరిగింది. రిసీవర్ బల్ల మీద పెట్టేసింది. పెద్దావిడ లోపలికి నడిచి, "ఏమ్‌రా, కంపెనీ గిప్పుడు గిక్కడికొచ్చిందా?" అని కొడుకుని అడిగింది. అరవలేదు. అందుకే మాకు ఇంకా భయమేసింది.

అతను దాచలేదు. సనత్‌నగర్‌లో తను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడిందని, అమ్మకి చెప్పే ధైర్యం లేక రోజూ డబ్బా పట్టుకుని ఇక్కడికి వస్తున్నానని చెప్పాడు. అప్పుడు లెమన్ అందుకుంది.

"ఇద్దరం నేర్చుకుందమని నేనే అన్న అత్తమ్మా. నా ముంగట తప్పు మాట్లాడాలంటే ఆయనకు సిగ్గు. గందుకే గీ మెట్లెక్కినంక నువ్వెవరో నేనెవరో అనుకుందమన్నడు." అత్తగారి దగ్గరికి జరిగి, "పెండ్లయినకాడికెళ్ళి నాతోని ఇంతసేపు మాట్లాడింది సుత గీడనే" అంది.

విలియమ్స్ అండ్ సన్స్ లేచి తన కుర్చీ ఇచ్చాడు. పెద్దావిడ కూర్చుని, సార్ ఇచ్చిన నీళ్ళు తాగింది.

"ఇద్దర్ల ఎవరు మంచిగ మాట్లాడుతుండ్రు సారూ?"

సార్ చెప్పేలోపే, "ఆమెనే అమ్మా" అన్నాడు జనరల్.

ఆవిడ కోడలి వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపముందో మెచ్చుకోలుందో నేను పోల్చుకోలేకపోయాను. లేస్తూ మాత్రం, "గా మిషిన్ ముచ్చటేందో ఇంటికొచ్చినంక నాకు చెప్పు" అంది.

ఇంట్లో ఏం చెప్పుకున్నారో తెలీదు. మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చున్నారు, ఒకే పెద్ద డబ్బా తెచ్చుకున్నారు. హాస్టల్లో ఇదంతా చెబితే గుంటూరు అమ్మాయి నమ్మలేదు. "ఆ పెద్దావిడ నిజంగా అత్తగారే అని గ్యారంటీ ఏంటి?" అంది.

బంజారా హిల్స్‌లో ఒక హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్‌లో జనరల్‌కి ఉద్యోగమొచ్చింది. అక్కడ సొంత పేరే. బేగంపేటలో ఒక కాల్ సెంటర్‌కి నేనూ లెమనూ ఒకేసారి సెలెక్టయ్యాం. నిమ్మకాయ కుదరదని వాళ్ళు ఆమెకి ఇంకో పేరిచ్చారు. ఐడీ కార్డులు చేతికొచ్చిన రోజు ఆమె నా కార్డు తీసుకుని, అందులో నా అసలు పేరు చదివింది.

"గిదా నీ పేరు? నేను వేరే అనుకున్న" అంది.

ఏమనుకుందో ఎంత అడిగినా చెప్పలేదు.