ఈకల టోపీ దొరగారు

గవర్నరు టిల్నీ దొరగారు నిద్రపోయేటప్పుడు తప్ప నెత్తిమీది ఈకల టోపీ తీసేవారు కాదు. మిగతా గవర్నర్లు రాజుగారి పుట్టినరోజున పెట్టుకుని, సాయంత్రానికి పెట్టెలో దాచేసే టోపీ అది. ఈయన దానితోనే చేపలు పట్టేవారు, దానితోనే క్షవరానికి కూర్చునేవారు. మంగలి అంచు కింద కనిపించినంత మేర కత్తిరించి చేతులు దులుపుకునేవాడు.

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ టోపీ ఆయనకంటే ఎక్కువ కష్టపడింది. గాంబియాలో మేక సగం మేసిందట. ఫిజీలో తుపాను ఎత్తుకుపోతే పడవేసుకుని వెళ్ళి తెచ్చుకున్నారట. మా సీషెల్స్ దీవులకి చేరేసరికి పదకొండు హంస ఈకలు మిగిలాయి. మా ఆయన మార్సెలిన్ దొరగారి పడవ నడిపే సరంగు. అందుకని టోపీ బాగుచేసే పని నాకొచ్చింది. మా దగ్గర హంసలెక్కడివి? పెరట్లో తెల్ల కోడిపుంజు ఈకలే కుట్టాను. రెండేళ్ళు తిరిగేసరికి టోపీ నిండా పుంజే. పుంజు మాత్రం బోసిగా తిరిగేది.

బజారులో చేపలమ్మే ఫిలోమెన్ ఊరుకుంటుందా?

“దొరా, నెత్తిమీది కోడి ఎంతకిస్తావు?”

“ఇది అమ్మేది కాదమ్మా. ఇంకేమైనా చెప్పుకోవాలా?”

“చెప్పుకోవాలి! నా బల్ల పైనున్న ఇంటికప్పు కారుతోంది. చచ్చిన చేపలు మళ్ళీ ఈదుతున్నాయి.”

వెనకాల సెక్రటరీ ప్రింగిల్ గారు చెమటలు కక్కుతూ పుస్తకంలో రాసుకునేవారు. టోపీ ఇంట్లో పెట్టి రమ్మని రోజూ బతిమాలేవారు. “ఎండగా ఉందయ్యా” అనేవారు దొరగారు. వానలోనూ అదే మాట.

ఆ జూన్‌లో మార్సెలిన్ జ్వరంతో పోయాడు. మేమున్నది సరంగుకిచ్చే సర్కారు ఇల్లు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని సెక్రటరీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అర్జీ పెట్టుకోవాలంటే ముద్ర కాగితం మీద, ఇంగ్లీషులో, మూడు ప్రతులు. నాకు ఆ భాషలో ఒక్క అక్షరం రాదు. గిన్నెలు మూటగట్టడం మొదలుపెట్టాను.

అప్పుడు దొరగారు ప్రింగిల్ గారిని వెంటబెట్టుకుని మా వంటింట్లోకే వచ్చేశారు.

“రోజలీ, ఏమైనా చెప్పుకోవాలా?”

“నాకు అర్జీ రాయడం రాదు, దొరా.”

“రాయక్కర్లేదు. నోటితో చెప్పు.”

ప్రింగిల్ గారు నిట్టూర్చారు. “ఇంకా తెలియలేదా అమ్మా? గవర్నరు ఆ టోపీతో ఉండగా ఎవరేం చెప్పుకున్నా అర్జీ కిందే లెక్క. నేను అప్పటికప్పుడు రాసుకోవాలి. పాత చట్టం. ఎవరూ తెరవని పుస్తకంలోంచి ఈయన తవ్వి తీశారు.”

నేను దొరగారి వైపు చూశాను. ఆయన మా పొయ్యి మీది చేపల కూర వైపు చూస్తున్నారు.

“ఈ ఇంట్లోనే ఉండాలనుంది,” అన్నాను. “మా ఆయన చేసిన అలమరా గోడలోంచి ఊడి రావడం లేదు.”

“రాసుకోవయ్యా ప్రింగిల్. అలమరా రానంటోంది. కొత్త సరంగుకి మా బంగళా తోటలో రెండు గదులిద్దాం.”

ప్రింగిల్ గారు రాసుకున్నారు. కానీ పుస్తకం మూయలేదు. గొంతు సవరించుకున్నారు.

“సార్, నాదీ ఒకటుంది. నాలుగేళ్ళుగా సెలవు లేదు, ఇప్పుడు కావాలి. ఇంగ్లండులో మా ఆవిడ నన్ను ఫొటోలో చూసుకుంటోంది.”

“అర్జీ పెట్టలేదేం?”

“మూడు ప్రతులూ పెట్టాను సార్. నా బల్లమీదే ఉన్నాయి. మీకు పంపే తీరిక దొరకలేదు.”

“రాసుకో,” అన్నారు దొరగారు.

ప్రింగిల్ గారు మా ఉప్పు డబ్బా పక్కకి జరిపి, కూర్చుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు.