నీ చెవి మంచిది బిడ్డా

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే వాకిలి నిండా వైర్లే! బాపు పటాన్‌చెరులో ఒక కంపెనీలో కంప్రెసర్ దగ్గర పనిచేసేవాడు. సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు మైక్ సెట్ కట్టేవాడు. పవర్ ఆంప్లిఫయర్ కొన్నదే. మైకు గొంతును కొంచెం పెంచి దానికి అందించే ప్రీ ఆంప్ మాత్రం పాత బిస్కెట్ల డబ్బాలో తనే బిగించుకున్నాడు.

"ఈ డబ్బా జెర గట్టిగ పంపినా ఆంప్లిఫయర్ తట్టుకోదు బిడ్డా. సప్పుడు పగుల్తది. డబ్బా, ఆంప్లిఫయర్, స్పీకర్లు... మూడూ కుదరాలె" అనేవాడు.

ఆ కుదిర్చే పనిలో నాకూ వాటా ఉండేది. లోపలి గదిలో అమ్మ మైకు పట్టుకుని "ఒకటి... రెండు..." అంటుంటే, నేను వాకిలి చివర నిలబడి వినాలి. గొంతు పగిలితే చెయ్యి దించాలి, బాగుంటే ఎత్తాలి. బాపు స్పీకర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, నా చేతి వైపే చూస్తూ నాబ్ తిప్పేవాడు.

"నువ్వే ఇనొచ్చు గద బాపూ" అని విసుక్కునేదాన్ని.

"నాకన్నా నీ చెవి మంచిది బిడ్డా..."

ఎంత పొంగిపోయేదాన్నో! బడిలో అందరికీ చెప్పుకుని తిరిగాను.

ఒకసారి లక్డారంలో పెళ్లి. నా ఈడు పిల్లలు పందిరి వెనక తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. నా మనసంతా అక్కడే. మైకులో ఎవరో "ఒకటి" అనగానే, సరిగ్గా వినకుండానే చెయ్యెత్తి ఉరికాను.

కాసేపటికి అయ్యగారు మంత్రాలు మొదలుపెట్టారు. గొంతు బరబరా చిరిగిపోతోంది. ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. బాపు మాత్రం పెట్టె మీద చెయ్యి వేసి, హాయిగా తలూపుతున్నాడు.

పెళ్లికూతురి తండ్రి ఉరికొచ్చాడు. "ఏందయ్యా, చెవులు పగుల్తున్నయ్! నీకు ఇనవడ్త లేదా?"

బాపు ఆయన పెదాల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"తప్పు నాదే పటేలా" అన్నాడు బాపు. ఎంత తగ్గించాలో తెలియక సెట్ మొత్తం ఆపేశాడు. ఆ పెళ్లి మైకు లేకుండానే జరిగింది.

ఇంటికొచ్చాక బాపు వైర్లన్నీ చుట్టి మూలకు పెట్టేశాడు. తిట్టినా బాగుండేది... మళ్లీ ఏ పెళ్లికీ సెట్ కట్టలేదు. నన్ను వినమని పిలవనూ లేదు. డబ్బా సజ్జ ఎక్కింది.

బాపు పోయాక అమ్మ చెప్పింది. "కంపెనీల మోతకు మీ బాపు చెవులు అప్పటికే సగం పోయినయ్. సన్న సప్పుడు ఇనవడకపోయేది. తెలిస్తే పనిలకెల్లి తీసేస్తరని ఎవ్వలికీ చెప్పలే."

'నీ చెవి మంచిది' అనే మాటతో బాపు నన్ను సాయం అడిగేవాడు. నేనేమో పొగిడాడనుకున్నాను.

ఇప్పుడు ఫోనూ స్పీకరూ వాటంతటవే కలిసిపోతున్నాయి. వాకిట్లో నిలబడి వినే పని ఎవరికీ లేదు. మొన్న సజ్జ మీంచి ఆ డబ్బా దించాను. నాబ్ ఇంకా ఆ రోజు పెట్టిన చోటే ఉంది... తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు.

మీ ఇంట్లోనూ మెచ్చుకుంటున్నట్టే సాయం అడిగినవాళ్లు ఉంటే చెప్పండి. వాళ్లు ఇంకా ఉన్నారా... అయితే ముందు వాళ్లకు ఫోన్ చేయండి, ఇక్కడ తర్వాత రాద్దురు గానీ.